బాక్టీరియా కణత్వచాలను ప్రోటీన్లు ఎలా దాటుతాయి? – కలరా విషం ప్రయాణం



కలరా వ్యాధికి విబ్రియో కలరే అనే బాక్టీరియా కారణమని మీరు పాఠ్యపుస్తకాలలో చదివే ఉంటారు. కలుషితమైన నీటితోనో, ఆహారంతోనో ఇది మన చిన్నపేగులోకి చేరుతుంది. అయితే ఒక విషయం గమనించండి. ఈ బాక్టీరియా పేగు గోడను తొలుచుకొని లోపలికి పోదు. రక్తంలో కలవదు. పేగు లోపలి పొరను అంటిపెట్టుకొని, మన కణాలకు వెలుపలే ఉండిపోతుంది. అయినా వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు రోగి శరీరం నుంచి గంటకు ఒక లీటరు వరకు నీరు బయటకు పోతుంది. సకాలంలో చికిత్స అందకపోతే కొన్ని గంటలలోనే ప్రాణం పోవచ్చు.

కణాల బయట కూర్చున్న సూక్ష్మజీవి ఇంత పని ఎలా చేయగలుగుతుంది? అది తనలో తయారుచేసిన ఒక ప్రోటీన్‌ను బయటకు పంపుతుంది. హాని చేసేది ఆ ప్రోటీనే. దానినే కలరా టాక్సిన్, అంటే కలరా విషం అంటాం. ఇక్కడే రెండో ప్రశ్న పుడుతుంది. ఈ బాక్టీరియా చుట్టూ ఒకటి కాదు, రెండు త్వచాలు ఉన్నాయి. ఆ పొరలను అంత పెద్ద ప్రోటీన్ ఎలా దాటింది? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఈ విషయమే. కలరా విషం వెంట నడుస్తూ, బాక్టీరియాలోని ప్రోటీన్ల రవాణా వ్యవస్థను అర్థం చేసుకుందాం.

కలకత్తాలో దొరికిన ఆధారం

1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా రోగుల పేగులను పరీక్షించి, కామా గుర్తులా వంగి ఉన్న బాక్టీరియాను వేరుచేశాడు. ఈ సూక్ష్మజీవి ఏదో విషాన్ని విడుదల చేస్తుందని ఆయన ఊహించాడు. కాని ఆ ఊహకు రుజువు దొరకడానికి 75 సంవత్సరాలు పట్టింది.

ఆ రుజువు చూపినవాడు భారతీయుడు. ఆయన పేరు శంభునాథ్ డే. కలరా విషం పనిచేసే చోటు రక్తం కాదు, పేగు లోపలి భాగమే కావాలని డే భావించాడు. అందుకు తగిన పరీక్షా పద్ధతిని తన సహచరునితో కలిసి రూపొందించి 1953లో ప్రకటించాడు. మత్తు ఇచ్చిన కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో ముడివేసి, ఆ సంచిలాంటి భాగంలోకి బాక్టీరియాను ఎక్కించాడు. కొన్ని గంటల తరువాత ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది.

తరువాతి ప్రయోగం ఇంకా ముఖ్యమైనది. బాక్టీరియాను ద్రవంలో పెంచి, ఆ ద్రవాన్ని వడపోశాడు. బాక్టీరియా వడపోతలో ఆగిపోయింది. కిందికి దిగిన ద్రవంలో ఒక్క బాక్టీరియా కూడా లేదు. ఆ ద్రవాన్ని మాత్రమే పేగులోకి ఎక్కించినా, పేగు అంతకుముందు లాగే ఉబ్బింది! 1959లో నేచర్ పత్రికలో ఈ ఫలితం వెలువడింది. బాక్టీరియా లేకుండానే కలరా లక్షణం కనిపించిందంటే, ఆ పని చేసే పదార్థం బాక్టీరియా నుంచి బయటకు వచ్చి ద్రవంలో కలిసి ఉండాలి. 1969లో అమెరికా శాస్త్రవేత్తలు ఫింకెల్‌స్టీన్, లోస్పల్లూటో ఈ విషాన్ని శుద్ధిచేసి వేరుచేశారు. అది ప్రోటీనే అని తేలింది. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సింపోజియానికి డేను ప్రత్యేకంగా ఆహ్వానించారు.

డే ప్రయోగంలో దాగి ఉన్న మరో విషయాన్ని మనం ఇప్పుడు పట్టుకోవాలి. వడపోసిన ద్రవంలో విషం ఉన్నదంటే, బాక్టీరియాలో దానిని బయటకు పంపే దారి కూడా ఉండాలి కదా!

దాటవలసిన అడ్డుగోడలు

విబ్రియో కలరే గ్రామ్ నెగటివ్ బాక్టీరియా. దీని కణద్రవ్యం చుట్టూ మొదట లోపలి త్వచం ఉంటుంది. దాని బయట పెరిప్లాజం అనే సన్నని ఖాళీ ప్రదేశం, ఆ ప్రదేశంలో పలుచని కణకవచం ఉంటాయి. అన్నింటికన్నా వెలుపల బయటి త్వచం ఉంటుంది. ఒక కోటకు రెండు ప్రాకారాలు, వాటి నడుమ ఆవరణ ఉన్నట్లు ఊహించుకోండి. ప్రోటీన్లు తయారయ్యే రైబోసోములు ఉండేది కోట లోపల, అంటే కణద్రవ్యంలో.

లోపలి త్వచం ఫాస్ఫోలిపిడ్ల జంట పొర. దీని మధ్య భాగం కొవ్వు స్వభావం కలది. మందం సుమారు 3 నానోమీటర్లు మాత్రమే. ఒక మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లు ఉంటాయని గుర్తు తెచ్చుకుంటే ఇది ఎంత పలుచనిదో మీకు తెలుస్తుంది. పలుచనిదైనా గట్టి కాపలాదారు. నూనెలో ఉప్పు కరగనట్లే, ఆవేశం ఉన్న అయాన్లు, నీటిని ఇష్టపడే పెద్ద అణువులు ఈ కొవ్వు పొరలో ఇమడలేవు.

ఈ కాపలా బాక్టీరియాకు ఎందుకంత అవసరం? శ్వాసక్రియలో విడుదలైన శక్తితో బాక్టీరియా ప్రోటాన్లను లోపలి త్వచం బయటకు నెడుతుంది. బయట ప్రోటాన్లు ఎక్కువ, లోపల తక్కువ అవుతాయి. ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో శక్తి ఉన్నట్లే ఈ తేడాలోనూ శక్తి నిలువ ఉంటుంది. ఏటీపీ తయారీకి ఈ శక్తే ఆధారం. త్వచానికి చిల్లు పడితే ఆనకట్ట తెగినట్లే. ప్రోటాన్లు లోపలికి కారిపోతాయి, శక్తి అంతా వృథా అవుతుంది, చివరికి కణం చనిపోతుంది.

కాబట్టి బాక్టీరియా ముందు ఉన్న సమస్య చిన్నది కాదు. వందల అమైనో ఆమ్లాలు ఉన్న ప్రోటీన్ పొరను దాటాలి. అదే సమయంలో అతి చిన్న ప్రోటాన్ మాత్రం ఆ సందులో నుంచి లోపలికి రాకూడదు.

ఈ రవాణా కలరా విషానికే పరిమితం అనుకోకండి. ఎషరీషియా కోలై వంటి బాక్టీరియా తయారుచేసే ప్రోటీన్లలో సుమారు మూడో వంతు కణద్రవ్యంలో కాక, త్వచాలలోనో పెరిప్లాజంలోనో కణం వెలుపలో పనిచేస్తాయి. ఆహారాన్ని లోపలికి తెచ్చే వాహకాలు, కణకవచాన్ని కట్టే ఎంజైములు ఇందులోనివే. రవాణా ఆగితే బాక్టీరియా బతకలేదు.

ప్రోటీన్‌పై రాసిన చిరునామా

కణద్రవ్యంలో వేలకొద్దీ రకాల ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో ఏది లోపల ఉండాలో, ఏది బయటకు పోవాలో ఎలా తెలుస్తుంది? తపాలా ఉత్తరం మీద పిన్‌కోడ్ ఉన్నట్లే, బయటకు పోవలసిన ప్రోటీన్ మీద కూడా ఒక గుర్తు ఉంటుంది. ప్రోటీన్ గొలుసు మొదటి కొసన ఉండే సుమారు 18 నుంచి 30 అమైనో ఆమ్లాల ఈ భాగాన్ని సంకేత వరుస అంటారు.

ఇలాంటి గుర్తు ఉండవచ్చనే ఆలోచనను 1971లో గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబాటినీ ముందుకు తెచ్చారు. 1975లో బ్లోబెల్, డోబర్‌స్టీన్‌తో కలిసి ప్రయోగాలతో దానిని బలపరిచాడు. ఆ ప్రయోగాలు జంతు కణాల నుంచి తీసిన పదార్థాలతో చేసినవి. కాని అదే సూత్రం బాక్టీరియాకు కూడా వర్తిస్తుందని తరువాత తేలింది. ఈ కృషికి బ్లోబెల్‌కు 1999లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

సంకేత వరుసలో మూడు భాగాలు ఉంటాయి. మొదట ధనావేశం గల ఒకటి రెండు అమైనో ఆమ్లాలు, మధ్యలో నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాల వరుస, చివర కత్తిరించడానికి వీలైన చోటు. వేర్వేరు ప్రోటీన్లలో సంకేత వరుస అక్షరాలు వేరుగా ఉన్నా, ఈ మూడు భాగాల పోలిక మాత్రం ఉంటుంది. చేతిరాత మారినా చిరునామా చదవగలిగినట్లే కణం దీనిని గుర్తుపడుతుంది.

కలరా విషంలో ఎ, బి అనే రెండు రకాల ఉపప్రమాణాలు ఉన్నాయి. ఎ-ఉపప్రమాణం ముందు 18, బి-ఉపప్రమాణం ముందు 21 అమైనో ఆమ్లాల సంకేత వరుస ఉంటుంది. అంటే రెండూ తమ తమ చిరునామాలతో విడివిడిగానే బయలుదేరుతాయి.

మొదటి ద్వారం – సెక్ వ్యవస్థ

సూదిలోకి దారం ఎక్కించడం మీకు తెలుసు. దారపు ఉండను సూది బెజ్జంలో నుంచి పంపలేం. కాని దారం కొసను పట్టుకొని ఎక్కిస్తే ఎంత పొడవు దారమైనా దాటిపోతుంది. లోపలి త్వచంలోని ముఖ్య ద్వారం పనిచేసేది కూడా ఇలాగే. ఈ ద్వారానికి సెక్ వ్యవస్థ అని పేరు. స్రావం అనే అర్థం గల ఇంగ్లీషు పదం నుంచి ఈ పేరు వచ్చింది.

ఈ వ్యవస్థలో పాల్గొనే ప్రోటీన్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది సెక్-బి. రైబోసోము నుంచి వెలువడిన ప్రోటీన్ గొలుసు త్వరగా ముడుచుకొని ఉండలా మారాలని చూస్తుంది. అలా మారితే ద్వారంలో పట్టదు. అందుకే చాలా ప్రోటీన్లను సెక్-బి పట్టుకొని, ముడుచుకోకుండా కాపాడుతూ త్వచం దగ్గరకు చేరుస్తుంది.

రెండోది సెక్-ఎ. ఇది ఈ వ్యవస్థకు ఇంజను. ఏటీపీని ఖర్చుచేస్తూ గొలుసును కొంచెం కొంచెంగా ద్వారంలోకి నెడుతుంది. ప్రోటాన్ల తేడాలో ఉన్న శక్తి కూడా ఈ పనికి తోడ్పడుతుంది.

మూడోది అసలు ద్వారం. సెక్-వై, సెక్-ఇ, సెక్-జి అనే మూడు ప్రోటీన్లు కలిసి త్వచంలో దీనిని ఏర్పరుస్తాయి. సెక్-వై గొలుసు త్వచాన్ని 10 సార్లు దాటుతూ మధ్యలో ఒక సన్నని దారిని ఉంచుతుంది.

త్వచంలో ముడుచుకొని వచ్చే ప్రోటీన్లు, అంటే త్వచంలోనే ఉండిపోవలసినవి, ఎక్కువగా మరో సహాయకుని ద్వారా ఇదే ద్వారానికి వస్తాయి. దాని పేరు సంకేత గుర్తింపు కణిక. ఇది రైబోసోము ఇంకా గొలుసును తయారుచేస్తుండగానే దానిని ద్వారం దగ్గరకు తీసుకొస్తుంది.

ఈ భాగాలను ఎలా కనుగొన్నారో తెలుసుకుంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికాలోని హార్వర్డ్‌లో జొనాథన్ బెక్‌విత్ బృందం ఒక ఉపాయం పన్నింది. బయటకు పోయే ఒక ప్రోటీన్ జన్యువుకు, లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైము జన్యువును అతికించారు. అలా తయారైన జంట ప్రోటీన్ బయటకు పోబోయి త్వచంలో ఇరుక్కుపోయింది. ఇరుక్కున్న ఎంజైము పనిచేయదు కాబట్టి ఆ బాక్టీరియా లాక్టోజ్‌ను వాడుకోలేకపోయింది. ఇప్పుడు ఏదైనా ఉత్పరివర్తనం వల్ల రవాణా వ్యవస్థ చెడిపోయిందనుకోండి. జంట ప్రోటీన్ కణద్రవ్యంలోనే ఉండిపోతుంది, ఎంజైము పనిచేస్తుంది, బాక్టీరియా లాక్టోజ్ మీద పెరుగుతుంది. అంటే లాక్టోజ్ మీద పెరిగిన బాక్టీరియాను ఏరుకుంటే, రవాణా జన్యువు చెడినవి వాటిలో దొరుకుతాయి! 1981లో సెక్-ఎ జన్యువు ఈ విధంగానే బయటపడింది. సెక్-వైని కూడా జన్యుశాస్త్ర పద్ధతులతోనే అదే కాలంలో గుర్తించారు. 1990లో విలియం విక్నర్ బృందం ద్వారం ప్రోటీన్లను శుద్ధిచేసి, కృత్రిమ కొవ్వు బుడగలలో అమర్చి, రవాణాను పరీక్షనాళికలో చేసి చూపింది.

ప్రోటాన్లు ఎందుకు కారిపోవు?

పెద్ద గొలుసు దాటాలి, చిన్న ప్రోటాన్ దాటకూడదు అన్న చిక్కుముడికి జవాబు 2004లో లభించింది. టామ్ రాపపోర్ట్ బృందం, సముద్రపు అడుగున వేడినీటి ఊటల దగ్గర జీవించే ఒక ఆర్కియాలోని ఇలాంటి ద్వారం నిర్మాణాన్ని ఎక్స్-కిరణాల సహాయంతో చూసింది. ఆ దారి డమరుకం ఆకారంలో ఉంది. రెండు వైపులా వెడల్పు, నడుమ సన్నం. ఆ సన్నని చోట నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాలు ఉంగరంలా అమరి ఉన్నాయి. దానికి బయటివైపున, సీసాకు బిరడా పెట్టినట్లు, ప్రోటీన్‌లోని ఒక చిన్న భాగం దారిని మూసి ఉంచుతుంది.

సంకేత వరుస గల గొలుసు వచ్చినప్పుడే బిరడా పక్కకు తొలగుతుంది. గొలుసు దాటుతున్నంత సేపు ఉంగరం దానిని చుట్టూ బిగించి పట్టుకుంటుంది. అందువల్ల పక్కనుంచి ప్రోటాన్లు దూరడానికి సందు ఉండదు. గొలుసు పూర్తిగా దాటగానే బిరడా మళ్లీ తన చోటికి వస్తుంది. ద్వారానికి పక్కవైపు తెరుచుకునే వీలు కూడా ఉంది. త్వచంలో ఉండవలసిన ప్రోటీన్లు ఆ పక్కదారిన కొవ్వు పొరలోకి జారుకుంటాయి.

రెండు ప్రాకారాల నడుమ

ఇప్పుడు మన కలరా విషం గొలుసులు పెరిప్లాజంలోకి వచ్చాయి. ఇక్కడ మూడు పనులు జరుగుతాయి.

మొదట, లోపలి త్వచంలోని సంకేత పెప్టిడేజ్ అనే ఎంజైము సంకేత వరుసను కత్తిరిస్తుంది. చేరవలసిన చోటికి చేరిన పార్శిల్ మీది చీటీని చింపివేసినట్లు అన్నమాట.

తరువాత గొలుసులు ముడుచుకొని తమ సరైన ఆకృతిని పొందుతాయి. ఇందులో గంధకం పరమాణువుల మధ్య ఏర్పడే డైసల్ఫైడ్ బంధాలు ముఖ్యమైనవి. కణద్రవ్యంలోని రసాయన పరిస్థితులలో ఈ బంధాలు నిలవవు. పెరిప్లాజంలో మాత్రం డీఎస్‌బీ-ఎ అనే ఎంజైము వాటిని ఏర్పరుస్తుంది. ప్రతి బి-ఉపప్రమాణంలోను ఇలాంటి బంధం ఒకటి ఉంటుంది.

చివరగా, ఐదు బి-ఉపప్రమాణాలు కలిసి ఉంగరంలా ఏర్పడతాయి. ఒక్కొక్కదానిలో 103 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 240 అమైనో ఆమ్లాలు గల ఒక ఎ-ఉపప్రమాణం తన తోకను ఆ ఉంగరం నడిమి రంధ్రంలోకి చొప్పించి కూర్చుంటుంది. విషం ఇప్పుడు సంపూర్ణంగా తయారైంది.

కాని బయటి త్వచం ఇంకా ముందే ఉంది. దారంలా వచ్చిన ప్రోటీన్ ఇక్కడ ముడుచుకొని ఉండగా మారిపోయింది. సూది బెజ్జంలాంటి సెక్ ద్వారం ఇక్కడ పనికిరాదు. పైగా పెరిప్లాజంలో ఏటీపీ ఉండదు. బయటి త్వచానికి ఇరువైపులా ప్రోటాన్ల తేడా కూడా ఉండదు. మరి ఈ రెండో గడప దాటడానికి శక్తి ఎక్కడిది?

రెండో ద్వారం – రెండో రకం స్రావక వ్యవస్థ

విబ్రియో కలరే దీనికి మరో యంత్రాన్ని వాడుతుంది. దీనిని రెండో రకం స్రావక వ్యవస్థ అంటారు. ఇందులో పన్నెండు లేదా అంతకన్నా ఎక్కువ రకాల ప్రోటీన్లు ఉంటాయి. యంత్రం అడుగు భాగం లోపలి త్వచంలో, పై భాగం బయటి త్వచంలో ఉంటాయి. రెండు ప్రాకారాలను కలుపుతూ కట్టిన నిర్మాణం ఇది.

బయటి త్వచంలోని ద్వారం పేరు ఈపీఎస్-డి. ఒకే రకమైన ప్రోటీన్ 15 ప్రతులుగా చేరి పెద్ద గొట్టంలా ఏర్పడుతుంది. 2017లో క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో దీని నిర్మాణాన్ని వివరంగా చూడగలిగారు. మడతపడిన విషం పట్టేంత వెడల్పు దీనికి ఉంది. కాని మధ్యలో ఒక తలుపు మూసి ఉంటుంది. లేకపోతే పెరిప్లాజంలోని విలువైన ప్రోటీన్లన్నీ బయటకు కారిపోతాయి కదా!

ఇక శక్తి సంగతి. యంత్రం అడుగున, కణద్రవ్యం వైపు ఈపీఎస్-ఇ అనే ఎంజైము ఉంటుంది. ఏటీపీ దొరికేది అక్కడే. అది ఏటీపీని ఖర్చుచేసినప్పుడు, పెరిప్లాజంలో ఒక పొట్టి పోచలాంటి నిర్మాణం అడుగు నుంచి పెరుగుతుంది. గొట్టంలో కడ్డీ పైకి జరిగినట్లు ఈ పోచ పెరుగుతూ విషాన్ని ద్వారం గుండా బయటకు తోస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. లోపలి గదిలో ఖర్చైన శక్తి ఇలా బయటి గడప దగ్గర పని జరిపిస్తుంది.

ఈ ద్వారం చదివే చిరునామా కూడా వేరు. సెక్ ద్వారం గొలుసు కొసన ఉన్న వరుసను చదువుతుంది. రెండో ద్వారం మాత్రం మడతపడిన ప్రోటీన్ ఆకృతిని గుర్తిస్తుంది. సరిగా ముడుచుకోని ప్రోటీన్ బయటకు పోలేదు.

ఈ యంత్రంలోని జన్యువులను చెడగొట్టి చూసినప్పుడు ఏమైందో గమనించండి. బాక్టీరియా విషాన్ని తయారుచేస్తూనే ఉంది. కాని అది పెరిప్లాజంలోనే పేరుకుపోయింది. అంటే విషం తయారీ సగం పని మాత్రమే. దానిని గడప దాటించడం మిగతా సగం. రెండూ జరిగితేనే వ్యాధి.

మరో విచిత్రం కూడా ఉంది. విషం జన్యువులు నిజానికి బాక్టీరియా సొంతం కావు. బాక్టీరియాలో చేరిన ఒక వైరస్ వాటిని మోసుకొచ్చిందని 1996లో వాల్డర్, మెకలనోస్ చూపారు. ఆ వైరస్ కూడా బాక్టీరియా నుంచి బయటపడేందుకు ఈపీఎస్-డి ద్వారాన్నే వాడుకుంటుందని 2000లో తెలిసింది. జన్యువును తెచ్చిన వైరస్, ఆ జన్యువు చేసిన విషం రెండూ ఒకే గుమ్మం గుండా బయటకు వెళ్తున్నాయి.

గడప దాటిన తరువాత

బయటపడిన విషంలోని బి-ఉంగరం మన పేగు కణాల పైపొరలో ఉండే జీఎం-1 అనే కొవ్వు అణువును పట్టుకుంటుంది. తరువాత ఎ-ఉపప్రమాణంలోని చురుకైన భాగం కణం లోపలికి చేరి, ఒక సంకేత ప్రోటీన్‌ను ఎప్పుడూ పనిచేసే స్థితిలో బిగించేస్తుంది. ఫలితంగా కణంలో చక్రీయ ఏఎంపీ విపరీతంగా పెరుగుతుంది. క్లోరైడ్ అయాన్లు పేగులోకి ప్రవహిస్తాయి. వాటి వెంట సోడియం, నీరు వెళ్తాయి. డే ప్రయోగంలో కుందేలు పేగు ఉబ్బడానికి కారణం ఇదే.

అయితే గ్లూకోజ్‌తో కలిపి సోడియంను లోపలికి పీల్చుకునే దారిని ఈ విషం చెడగొట్టదు. ఉప్పు, గ్లూకోజ్ తగిన పాళ్లలో కలిపిన నీరు తాగిస్తే ఆ దారిన నీరు మళ్లీ శరీరంలోకి చేరుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఈ ద్రావణాన్ని పెద్దయెత్తున వాడింది. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. మీ ఇంట్లో ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

మరికొన్ని దారులు

బాక్టీరియాలో ఇంకా అనేక రవాణా మార్గాలు ఉన్నాయి. ముఖ్యమైన వాటిని క్లుప్తంగా చూద్దాం.

టాట్ వ్యవస్థ: దీని సంకేత వరుసలో రెండు ఆర్జినిన్‌లు పక్కపక్కన ఉంటాయి. ఇది కణద్రవ్యంలోనే పూర్తిగా ముడుచుకున్న ప్రోటీన్లను లోపలి త్వచం దాటిస్తుంది. మాలిబ్డినం వంటి లోహం గల సహకారకాన్ని లోపలే పొందవలసిన ఎంజైములకు ఈ దారి అవసరం. దీనికి ఏటీపీ కాదు, ప్రోటాన్ల తేడాలోని శక్తే ఆధారం.

మొదటి రకం వ్యవస్థ: మూడు ప్రోటీన్లు కలిసి రెండు త్వచాలను ఒకే సారి దాటే సొరంగాన్ని కడతాయి. కొన్ని ఎషరీషియా కోలై రకాలు, ఎర్రరక్తకణాలను పగలగొట్టే హీమోలైసిన్‌ను ఇలా పంపుతాయి. దీని సంకేతం గొలుసు చివరి కొసన ఉంటుంది, కత్తిరించబడదు.

మూడో రకం వ్యవస్థ: సాల్మొనెల్లా, షిగెల్లా వంటివి ఇంజెక్షన్ సూదిలాంటి నిర్మాణంతో ప్రోటీన్లను నేరుగా మన కణాలలోకే ఎక్కిస్తాయి. సాల్మొనెల్లాలోని ఈ సూదిని 1998లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు.

గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా సంగతి వేరు. వాటికి బయటి త్వచం లేదు. సెక్ ద్వారం దాటితే ప్రోటీన్ దాదాపు బయటపడినట్లే. అందుకే బట్టల సబ్బు పొడులలో వాడే ఎంజైముల తయారీకి పరిశ్రమలు బాసిల్లస్ జాతి బాక్టీరియాను ఎక్కువగా పెంచుతాయి.

ఈ జ్ఞానం మనకెందుకు?

పెన్సిలిన్‌ను విడగొట్టే బీటా-లాక్టమేజ్ ఎంజైములు ఎన్నో బాక్టీరియాలలో సెక్ ద్వారం గుండానే పెరిప్లాజం చేరుతాయి. మందు కణకవచాన్ని దెబ్బతీయకముందే అక్కడే కాపు కాసి దానిని నాశనం చేస్తాయి. మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్న ఈ రోజుల్లో రవాణా వ్యవస్థల మీద పరిశోధకులు దృష్టి పెట్టడానికి ఇదొక కారణం. సెక్-ఎ ఆగితే బాక్టీరియా బతకలేదు. మన కణాలలో సెక్-వైకి బంధువైన ద్వారం ఉన్నది కాని, సెక్-ఎ వంటి ఇంజను లేదు. కాబట్టి దానిని ఆపే పదార్థాల కోసం వెతుకుతున్నారు. రెండో రకం వ్యవస్థను అడ్డుకోవడం మరో ఆలోచన. బాక్టీరియాను చంపకుండానే దాని విషాన్ని లోపలే బంధించడం ఇక్కడి ఉద్దేశం.

మేలు చేసే వైపు కూడా ఉంది. డైసల్ఫైడ్ బంధాలు గల మానవ ప్రోటీన్ల జన్యువుకు బాక్టీరియా సంకేత వరుసను జతచేస్తే, ఆ ప్రోటీన్ పెరిప్లాజం చేరి అక్కడ సరిగా ముడుచుకుంటుంది. మానవ పెరుగుదల హార్మోన్‌ను, యాంటీబాడీల ముక్కలను ఎషరీషియా కోలైలో ఈ పద్ధతిలో తయారుచేయవచ్చు.

విద్యార్థులారా! వడపోసిన ద్రవంలో విషం ఉన్నదని డే చూపిన 1959 నాటికి సంకేత వరుస గురించి గాని, సెక్ ద్వారం గురించి గాని ఎవరికీ తెలియదు. విషం బయటకు వచ్చిందన్న ఒక్క నిజాన్ని ఆయన తిరుగులేకుండా నిలబెట్టాడు. ఎలా వచ్చిందన్నది తరువాతి తరాల వారు ఒక్కొక్క గడపగా చదివారు. ఆ రెండో ద్వారం తెరుచుకునే తీరులో తేల్చవలసిన సంగతులు ఇంకా ఉన్నాయి. జీవశాస్త్రం చదివే మీలో కొందరు వాటిని తేలుస్తారని ఆశిద్దాం.

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. కలరాలో హాని చేసేది బాక్టీరియా బయటకు పంపే ప్రోటీన్. దీనిని 1959లో శంభునాథ్ డే రుజువు చేశాడు.
2. బయటకు పోవలసిన చాలా ప్రోటీన్ల మొదటి కొసన సంకేత వరుస ఉంటుంది. దాటిన తరువాత అది కత్తిరించబడుతుంది.
3. సెక్ ద్వారం ముడుచుకోని గొలుసులను, టాట్ ద్వారం ముడుచుకున్న ప్రోటీన్లను లోపలి త్వచం దాటిస్తాయి.
4. కలరా విషం పెరిప్లాజంలో పూర్తిరూపం పొంది, రెండో రకం స్రావక వ్యవస్థ ద్వారా బయటి త్వచాన్ని దాటుతుంది.

ఆలోచించి జవాబు రాయండి

1. సెక్-వైలోని బిరడా భాగాన్ని తొలగిస్తే బాక్టీరియాకు ఏ ప్రమాదం రావచ్చు?
2. డీఎస్‌బీ-ఎ ఎంజైము లేని విబ్రియో కలరేలో విషం బయటకు వస్తుందా? కారణం చెప్పండి.
3. బయటి త్వచం దగ్గర ఏటీపీ లేకపోయినా రవాణా ఎలా సాధ్యమవుతుంది?
4. విషం జన్యువు ఉండి, ఈపీఎస్-డి లేని బాక్టీరియాను పెంచి వడపోసిన ద్రవంతో డే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఫలితం ఎలా ఉంటుందో ఊహించండి.